పియానో బల్ల మీద ఎడమ పక్క

ఈ మధ్య ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చి, నేను చేసిన పనే తనూ చేస్తానని, సలహా చెప్పమని అడిగింది. కాఫీ ఇచ్చి "వద్దమ్మా" అన్నాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. అంతదూరం వచ్చిన పిల్లను ఒక్క ముక్కతో పంపేయడం మర్యాద కాదని తర్వాత అనిపించింది. అందుకని ఎందుకు వద్దన్నానో కాస్త వివరంగా రాస్తున్నాను. ఇది చదివాక కూడా వస్తానంటే, రా తల్లీ, నీ ఇష్టం.

పని ఏమిటంటే

నేను పియానో టీచర్ని. అది సగం పని. మిగతా సగం ఎవరికీ కనిపించదు. పెద్ద ఆర్కెస్ట్రా కోసం రాసిన పాశ్చాత్య సంగీతాన్ని ఒక్క పియానో మీద ఇద్దరు వాయించేలా తిరగరాయడం ఆ సగం. ఒకే పియానో, ఒకే బల్ల, నాలుగు చేతులు. కుడి పక్క కూర్చున్నవాళ్లు పై స్వరాలు వాయిస్తారు, ఎడమ పక్క కూర్చున్నవాళ్లు కింది స్వరాలు వాయిస్తారు. హాలు నిండా కూర్చుని వాయించే మనుషుల పనంతా ఈ ఇద్దరి వేళ్లలోకి దించాలి.

ఎందుకు ఈ తంటా అంటారా? మన ఊళ్లలో పిల్లలకు నిజమైన ఆర్కెస్ట్రా ముందు కూర్చునే యోగం లేదు. ఫోన్‌లో వినొచ్చుగా అంటారు. వినడం వేరు, దాని లోపల కూర్చుని ఒక పక్క మోయడం వేరు. అచ్చులో దొరికే ఇలాంటి నాలుగు చేతుల డ్యూయెట్లు పెద్దవాళ్ల చేతుల కోసం రాసినవి. మన పిల్లల వేళ్లు అంతదూరం చాచలేవు. కాబట్టి నా పిల్లల చేతులు చూసుకుని, వాళ్ల చేతుల కొలతకే నేను మళ్లీ రాసేదాన్ని.

ఈ సంగతి నేను పనిచేసిన ఇబ్రహీంపట్నంలో ఎవరికైనా చెప్పి చూడండి. ఆర్కెస్ట్రా అనగానే మా పక్కింటామె మొహం వెలిగిపోయింది. "మేడం, మా మరిది పెండ్లికి మీ ఆర్కెస్ట్రా వస్తదా? డీజే వెడ్తె ముసలోల్లు లొల్లి జేస్తున్నరు" అంది. నేను పాటల పార్టీ మనిషిని కాదని చెబితే, "మరేం జేస్తవ్ అక్కా?" అని జాలిగా చూసింది. ఉద్యోగం చేసినంత కాలం నేను చూసింది ఆ చూపే. మొదట్లో నవ్వుకునేదాన్ని. తర్వాత్తర్వాత ఒళ్లు మండేది.

పెద్ద టీచరమ్మ

మాది గుంటూరు వైపు. నాన్నది రైల్వే ఉద్యోగం కాబట్టి సికింద్రాబాద్‌లో పెరిగాను. అక్కడ చర్చి పక్కన ఉన్న సంగీతం బడిలో నేర్చుకున్నాను, అక్కడే టీచరుగా చేరాను. అక్కడి పెద్ద టీచరమ్మ దగ్గర పొగడ్త అనేది దొరికేది కాదు. ఆవిడ నోరు మంచిది కాదు గానీ చెవి మాత్రం గొప్పది.

నేను మొదటి డ్యూయెట్ రాసి తీసుకెళ్లి ఇద్దరు పిల్లలతో వాయించి చూపించాను. ట్యూన్ అంతా కుడి పక్క పిల్లకు ఇచ్చాను. ఎడమ పక్క పిల్ల ఢమ్ ఢమ్ అని కొట్టుకుంటూ కూర్చుంది. అయిపోయాక పెద్ద టీచరమ్మ కుడి పక్క పిల్లను లేవమని, "ఇప్పుడు నువ్వొక్కదానివే వాయించు" అంది ఎడమ పక్క పిల్లతో. ఆ పిల్ల వాయించింది. రోట్లో పచ్చడి నూరుతున్నట్టు వినిపించింది.

"పై చేతికి పెళ్లిభోజనం పెట్టావు, కింది చేతికి చద్దన్నం పడేశావు. ఈ పిల్లను ఇక్కడికి సంగీతానికి పిలిచావా, కూలికి పిలిచావా?" అంది టీచరమ్మ.

అప్పుడు ఆవిణ్ణి తిట్టుకున్నాను. తర్వాత ఆ పరీక్షే నా పద్ధతి అయింది. ఏది రాసినా ముందు కింది భాగం ఒక్కటే వాయించి చూసుకునేదాన్ని. దానికో ప్రాణం ఉందా లేదా? ఆ పిల్ల ఇంటికి వెళ్లి తన భాగం ఒక్కటీ వాయిస్తే వాళ్లమ్మ వంటింట్లోంచి తొంగి చూస్తుందా? చూడదు అనిపిస్తే చింపేసి మళ్లీ రాసేదాన్ని. ఎడమ పక్క కూర్చున్నవాళ్లకు ఒక్కసారైనా ట్యూన్ దక్కకుండా నేను ఏదీ రాయలేదు. కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగిన మంచిమాట ఇదొక్కటే. మిగతావన్నీ చేదే.

కుడి పక్క కోసం కొట్లాట

మీకు ఎవరూ చెప్పని విషయం ఒకటి చెబుతాను. స్టేజీ మీద పియానోను పెట్టే తీరులో జనానికి కనపడేది కుడి పక్క కూర్చున్నవాళ్లు. ఎడమ పక్క కూర్చున్నవాళ్లు వాళ్ల వెనక దాక్కున్నట్టే ఉంటారు. ఇక తల్లిదండ్రుల సంగతి ఊహించుకోండి.

"మేడం, మా వాడిని కుడివైపు కూర్చోబెట్టండి. వీడియోలో మోచెయ్యి ఒక్కటే పడిందండీ పోయినసారి."

"మేడం, ఆ ఢమఢమలు మా పాప ఎందుకు కొట్టాలండీ? దానికీ పాట ఇవ్వండి."

ఎంత చెప్పినా చెవిన వేసుకోరు. నిజానికి ఇద్దరిలో గట్టివాళ్లనే ఎడమ పక్క కూర్చోబెట్టాలి. పాట నడక వాళ్లది. పెడల్ వాళ్ల కాలి కింద ఉంటుంది. పెడల్ అంటే స్వరం ఆగిపోకుండా సాగదీసేది. పక్కవాళ్ల స్వరం కూడా ఎప్పుడు సాగాలో, ఎప్పుడు తెగాలో ఎడమ పక్క మనిషే చూసుకోవాలి. తన చేతులకోసం తను కాలు నొక్కడం ఎవరికైనా వస్తుంది. పక్కవాళ్ల చేతుల కోసం కాలు నొక్కడం కష్టం. అది వచ్చిన పిల్లలు నాకు ఉద్యోగం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది దొరికారు. వాళ్లందరిలోకీ గొప్పది లావణ్య.

ఇబ్రహీంపట్నం బడి

సికింద్రాబాద్ బడి మూతపడ్డాక నేను ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు బడిలో చేరాను. బడి పేరు అనవసరం. కరస్పాండెంట్ గారు ఎక్కడో చూసి ముచ్చటపడి ఒక పియానో కొన్నారు. నేను చేరేనాటికి అది హాలు మూల దుప్పటి కప్పుకుని ఉంది. దాని మీద పూలకుండీ. అడ్మిషన్లప్పుడు దుప్పటి తీసి ఫోటో దిగేవారు. కుండీకి పోసిన నీళ్లు లోపలికి కారి కొన్ని మెట్లు, అంటే కీలు, నొక్కితే మళ్లీ పైకి లేచేవి కావు. దాన్ని బాగు చేయించేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చింది.

లావణ్య తండ్రి నర్సిరెడ్డిది ఆ పక్క ఊళ్లోనే వ్యవసాయం. ఆ అమ్మాయి చెయ్యి పెద్దది, ఓపిక ఇంకా పెద్దది. మొదటి రోజే వచ్చి ఎడమ పక్క కూర్చుంది. "కుడి పక్కకు రా" అంటే, "ఈడనే మంచిగుంది మేడం. ఈడ గుండెల్ల తాకుతది" అంది. నా దగ్గర ఎడమ పక్కను కోరి కూర్చున్న పిల్ల తనొక్కతే.

జంటగా నిఖిల్ దొరికాడు. వాళ్లది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం, తండ్రి ఆదిభట్ల కంపెనీలో ఉద్యోగి. వాడి వేళ్లు చురుకు, మనసు మంచిది. ఇద్దరూ పదో తరగతి.

వాళ్ల కోసం ఒక సింఫనీలోని నెమ్మదైన భాగం తీసుకున్నాను. అదేదో చెప్పను. చెబితే ఫోన్‌లో వెతికి విని, ఓ ఇదేనా అనుకుంటారు. దాని నడుమ ఒకచోట అందరూ తగ్గిపోతారు. హార్న్ అనే ఊదే వాయిద్యం ఒక్కటే లేచి పాడుతుంది. ఆ ట్యూన్ పియానో మీద సరిగ్గా మధ్యలో పడుతుంది. కానీ అక్కడ నిఖిల్ ఎడమ చెయ్యి తీగలు మీటినట్టు మెల్లగా వాయిస్తూ ఉంటుంది. అందుకని లావణ్య కుడి చెయ్యి ఆ చేతి మీదుగా దాటి వెళ్లి ఆ ట్యూన్ వాయించేలా రాశాను. అంతసేపు అందరినీ మోసిన పిల్ల అక్కడ పాడుతుంది. ఆ కొద్ది సేపటి కోసమే మిగతాదంతా రాశాను.

లావణ్య మొదటిసారి ఆ చెయ్యి దాటించి వాయించినప్పుడు నిఖిల్ వాయించడం మానేసి వింటూ కూర్చున్నాడు. "సారీ మేడం, మర్చిపోయాను" అన్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇలాంటి రోజు ఒకటి ఉంటుందనే ఈ పనిలో ఉన్నాను అనుకున్నాను.

నర్సిరెడ్డి ఒకరోజు స్కూటర్ మీద కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చి నాతో మాట్లాడాడు. పదో తరగతి తర్వాత నగరంలో సంగీతం కోర్సులో చేర్చమని నేను అడిగి ఉన్నాను.

"మేడం, ఇంట్ల అందరు ఎంపీసీల ఏయమంటున్నరు. నాకు గీ ఇంగ్లీషు పాటలు తెల్వయి. కని మా బిడ్డ వాయిస్తే మంచిగుందా లేదా నాకు తెలుస్తది గద. యాన్యువల్ డే నాడు ముంగట కూసోని ఇంట. మనసుకు వడితె పట్నం పంపిస్త. లేకుంటే ఎంపీసీ. అటెన్క మల్ల నన్ను అడగొద్దు, సరేనా?"

లావణ్య స్కూటర్ వెనక నుంచి నావైపు చూసి నవ్వింది. "అవ్ బాపూ, సరే" అంది. దానికి భయమే లేదు. ఆ హార్న్ ట్యూన్ వింటే ఏ తండ్రికైనా మనసు కరుగుతుందని దాని ధైర్యం. నాదీ అదే ధైర్యం.

రెండు కీబోర్డులు

యాన్యువల్ డే దగ్గర పడ్డాక రిహార్సల్ చూడటానికి కరస్పాండెంట్ గారు వచ్చారు. హాలు నిండా పిల్లలు, టీచర్లు ఉన్నారు. సరిగ్గా లావణ్య చెయ్యి దాటే చోటికి వచ్చేసరికి చప్పట్లు కొట్టి ఆపించారు.

"గిదేంది మేడం? పోరడు పోరి ఒక్క బల్ల మీద గట్ల ఒకల్లకొకల్లు రాసుకుంట కూసున్నరు?"

"ఇది అలా కూర్చుని వాయించేదే సార్. పియానో ఒక్కటే, పెడల్ ఒక్కటే" అన్నాను.

ఆయన నన్ను వదిలేసి లావణ్య వైపు తిరిగారు. "ఏం పోరీ, నీ చెయ్యి ఆ పోరని మీదికెల్లి ఎందుకు వోతుంది? నీ దిక్కు జాగ లేదా?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. లావణ్య చెవులు ఎర్రబడ్డాయి. ఇంకా మెట్ల మీదే ఉన్న చేతిని చటుక్కున తీసి ఒళ్లో పెట్టుకుంది. పెద్ద చెయ్యి అది. దాన్ని చున్నీ కింద దాచుకుంది.

ఆ క్షణంలో నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు. అందరి ముందే గట్టిగా అడిగాను, పిల్లతో అలాగేనా మాట్లాడేది అని. ఆయనకు నా మాట ఎక్కలేదు. ఆయన దృష్టిలో ఆయన మంచి పనే చేస్తున్నారు.

"మేడం, మీరు పెద్దోల్లు, మీకు తెల్వంది కాదు. రేపు స్టేజీ మీద వాళ్ల కాకలు బాబాయిలు చూస్తే నన్నడుగుతరు, మిమ్మల్ని అడగరు. రెండు కీబోర్డులు తెప్పిస్త. ఆడొకటి, ఈడొకటి. ఫికర్ చెయ్యకుర్రి, మస్తుగుంటది."

అలాగైతే ఈ ఐటమే మానేస్తానన్నాను. లావణ్యే వద్దంది. "బాపు వస్తనన్నడు మేడం. దేని మీదనైనా వాయిస్త. నా ట్యూన్ నాకుంటది గద?" అని అడిగింది. ఉంటుందని మాట ఇచ్చాను. ఎవరి కీబోర్డు వాళ్లకే కాబట్టి చెయ్యి దాటాల్సిన పని పోయింది. ట్యూన్ మాత్రం ఆమెదే. ఒక పెడల్ మీద ఇద్దరి స్వరాలు కలిసే అందం గంగలో కలిసింది, సరే. తండ్రి వింటే చాలనుకున్నాను.

ఆ సాయంత్రం

స్టేజీకి అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు. మధ్యలో కరస్పాండెంట్ గారి నిలువెత్తు ఫ్లెక్సీ. నర్సిరెడ్డి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. మధ్యాహ్నం సౌండ్ చూసుకున్నప్పుడు రెండు కీబోర్డులూ బాగానే పలికాయి.

మొదలుపెట్టగానే నాకు అనుమానం వచ్చింది. నిఖిల్ ఒక్కడే వినిపిస్తున్నాడు. కింద ఏమీ లేదు. లావణ్య వేళ్లు కదులుతున్నాయి గానీ ఒక్క స్వరం హాల్లోకి రావడం లేదు. స్టేజీ పక్క నుంచి దిగి, కుర్చీల మధ్యలో తోసుకుంటూ వెనక సౌండ్ పెట్టె దగ్గర ఉన్న అతని వైపు పరుగెత్తాను. ఈ వయసులో నా పరుగు ఎంత?

నేను ఇంకా సగం దారిలో ఉండగానే ఆ చోటు వచ్చింది. రాసినట్టే నిఖిల్ తగ్గిపోయాడు. మెల్లగా తీగలు మీటినట్టు వాయిస్తున్నాడు. తన కీబోర్డులోని చిన్న స్పీకరు తనకు మాత్రం వినిపిస్తోందేమో, లావణ్య తల ఎత్తి, కళ్లు మూసుకుని హార్న్ ట్యూన్ వాయిస్తోంది. హాల్లో ఏమీ లేదు. టుంగ్ టుంగ్‌మని నిఖిల్ వేళ్లు మాత్రం. పాట అయిపోయిందనుకుని ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది. కరస్పాండెంట్ గారు శాలువాతో స్టేజీ ఎక్కి నేరుగా నిఖిల్ దగ్గరికి వెళ్లి కప్పేశారు.

"ఇంకా ఉంది సార్, అవ్వలేదు సార్" అన్నాడు నిఖిల్. వాడి మాట పక్కనున్న మైకులో అందరికీ వినిపించింది. జనం నవ్వారు. లావణ్య ఇంకా వాయిస్తూనే ఉంది.

నేను సౌండ్ అతని దగ్గరికి చేరేసరికి అంతా అయిపోయింది. "ఏంటయ్యా ఇది?" అని అరిచాను. పాపం, అతను బిత్తరపోయాడు.

"సార్ చెప్పిండు మేడం. ట్యూన్ ఏ దాంట్ల వస్తదో గదే పెంచమన్నడు. రెండోది ఉత్త బేసే గద, పెంచితే గుయ్యిమంటది, బంద్ వెట్టమన్నడు."

అంటే ఆ కరస్పాండెంట్ పగతో చేయలేదు. ఆయనకు కింది భాగంలో ఏమీ ఉండదనే నమ్మకం, అంతే. పగబట్టినవాడితోనైనా పోట్లాడొచ్చు. ఇలాంటి నమ్మకంతో ఏం పోట్లాడతాం?

బయట స్కూటర్ దగ్గర నర్సిరెడ్డిని పట్టుకున్నాను. జరిగింది చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"మేడం, నేను తప్పు వట్టను. కని మా పోరి చేతులు ఆడినయ్, నాకు ఒక్క ముక్క ఇనవడలే."

"అదే చెబుతున్నాను. సౌండ్ ఆపేశారు. రేపు రండి, పియానో మీద వాయిస్తుంది, వినండి."

ఆయన స్కూటర్ స్టాండు తీశాడు. "సౌండ్ బంద్ వెట్టిన్రంటే గది ముఖ్యం కాదనే గద మేడం? ముఖ్యమైతే ఎవలన్న బంద్ వెడ్తరా? ముఖ్యం కాని దానికి నా బిడ్డను పట్నం ఎట్ల పంపాలె?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లు ఈ పని చేసినా లేదు. మీరు ఈ పనిలోకి వచ్చేముందు ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుని రండి.

లావణ్యనైనా ఒప్పిద్దామని చూశాను. ఒక్కసారి మీ నాన్నను హాలుకు తీసుకురా, నేను పక్కన కూర్చుంటాను అన్నాను. "వద్దు మేడం. ఇగ ఇప్పుడు వాయిస్తే అడుక్కున్నట్టుంటది" అంది. మాట ఇచ్చింది కదా, ఎంపీసీలో చేరింది. నేను ఆ ఏడాదే బడి మానేశాను. పియానో మీదికి పూలకుండీ మళ్లీ వచ్చిందని విన్నాను.

మొన్న

ఇదంతా పాత కథ అని సర్దిపెట్టుకుని రిటైరై కూర్చున్నాను. మొన్న మన్నెగూడ చౌరస్తాలో కూరగాయలు కొంటుంటే ఒక కంపెనీ బస్సు దిగి ఎవరో "మేడం" అని పిలిచారు. లావణ్య. మెడలో ఐడీ కార్డు. ఆదిభట్లలో ఉద్యోగమట. బాపు బాగున్నాడు, నిఖిల్ బెంగళూరులో ఉన్నాడు, వాడూ వాయించడం మానేశాడు అని చెప్పింది. నా సంచీ అందుకుని ఇంటిదాకా వచ్చింది.

మా ముందుగదిలో నా సొంత పాత పియానో ఉంది. దాన్ని చూసి ఆగిపోయింది. "కూర్చో" అన్నాను. పోయి ఎడమ పక్కన కూర్చుంది. కుడి పక్క ఖాళీ వదిలింది. నేను నిఖిల్ చోట కూర్చున్నాను.

ఎన్నేళ్లయినా ఒక్క స్వరం తప్పలేదు. కాలు వెళ్లి పెడల్ మీద కూర్చుంది. నా వేళ్లు ముసలివై తడబడుతుంటే నా స్వరాన్ని తన కాలితో పట్టుకుని మోసింది. గదంతా నిండిపోయింది. చెల్లో వాయిద్యాల మంద్రం, డ్రమ్ములు, అన్నీ ఉన్నాయి. నాకు సంతోషం పట్టలేదు.

హార్న్ చోటు వచ్చింది. నేను తగ్గాను. ఆమె కుడి చెయ్యి లేచింది. నా చేతిదాకా వచ్చింది. అక్కడ ఆగి, వెనక్కి వెళ్లి ఒళ్లో కూర్చుంది.

"మళ్లీ" అన్నాను. మళ్లీ అక్కడే ఆగింది. నేను ఆడదాన్ని, ముసలిదాన్ని, ఆమెకు నేర్పిన టీచర్ని. గదిలో ఇంకెవరూ లేరు. మూడోసారి ఆ చోటు రాగానే నా ఎడమ చెయ్యి పూర్తిగా తీసేసి దారి ఇచ్చాను. అయినా ఆ చెయ్యి రాలేదు.

"మీరే వాయించుర్రి మేడం. అది పైనోల్లు వాయిస్తేనే ఇనవడ్తది" అంది నవ్వుతూ.

నేను వాయించలేదు. అది ఆమె చేతికని రాసింది. ఆమె కాలు ఇంకా పెడల్ మీదే ఉంది.